గుమ్మంలో ఇరుక్కున్న మంచం

“ఇరుక్కుందిరోయ్! మేస్త్రి గారి మంచం గుమ్మంలో ఇరుక్కుంది!”

ఇస్త్రీ పిన్ని అరుపు వీధి ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. ఆవిడ ఇస్త్రీ బల్ల ఎదురింటి అరుగు మీదే ఉంటుంది. వీధిలో ఏం జరిగినా మొదట ఆవిడకి తెలుస్తుంది, ఆ తర్వాత ఆవిడ పుణ్యమా అని అందరికీ తెలుస్తుంది.

“అరవకమ్మా తల్లీ! ఇరుక్కుంది మంచం, మనిషి కాదు,” అన్నాడు ఆ మంచం చేసిన వడ్రంగి, పెద్దమేస్త్రి, చెమట తుడుచుకుంటూ.

మంచం పక్కకి ఒరిగి, సగం ఇంట్లో సగం వీధిలో ఉండిపోయింది. తోస్తే పోదు, లాగితే రాదు. వీధి వైపు పట్టుకున్నది పెద్దమేస్త్రీ, పక్క దుకాణంలో కిటికీ అద్దాలు కోసే అద్దాలతనూ. ఇంటి వైపు పట్టుకున్నది చిన్నమేస్త్రి, అంటే పెద్దమేస్త్రి కొడుకు. పెళ్ళికొడుకు అతనే. ఎల్లుండే నిఖా. తన పెళ్ళిమంచం తనే లోపలికి లాక్కోవాల్సి వచ్చిందని పొద్దుట్నించీ వీధి కుర్రాళ్ళంతా అతన్ని ఏడిపిస్తున్నారు. అతను నవ్వినట్టు ముఖం పెడుతున్నాడు, అంతవరకే.

“నిన్న సాయంత్రం నేనే కొలిచాను. రెండు పక్కలా వేళ్ళు దూరేంత ఖాళీ ఉంది. టేపు అబద్ధం ఆడుతుందా?” అన్నాడు పెద్దమేస్త్రి.

“టేపు ఆడదు లెండి,” అంది పిన్ని, చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ ఇంటి గుమ్మం సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. కొత్తగా వచ్చారు కాబట్టి మీకే చెప్పాలి. ఇంట్లో ఎవరైనా చెప్పాల్సిన మాట చెప్పకుండా మింగేస్తే ఆ గుమ్మం ఇరుకవుతుంది. చెప్పేస్తే వదులవుతుంది. అంతే. కొన్ని ఇళ్ళలో పైకప్పు కారుతుంది, కొన్ని ఇళ్ళలో చెదలు పడతాయి, ఈ ఇంట్లో గుమ్మం ఇరుకవుతుంది. పొగాకు మానేశానని ఇంట్లో చెప్పి చాటుగా కాల్చిన రోజుల్లో తాతగారు పక్కకి తిరిగి నడిచి బయటికి వచ్చేవారట. చిన్నమేస్త్రి చెల్లెలు లెక్కల పరీక్ష తప్పి దాచిపెట్టినప్పుడు నీళ్ళ బిందె గుమ్మం దాటలేదు. “ముందు నీ మార్కులు బయటికి రానీ, తర్వాత బిందె లోపలికి వస్తుంది,” అని వాళ్ళమ్మ అక్కడే కూర్చుంది. మార్కులు వచ్చాయి, బిందే వచ్చింది, వీపు మీద రెండు దెబ్బలూ పడ్డాయి, కథ ముగిసింది.

కానీ ఈ ఇరుకు అలాంటిది కాదు. ఇది ఏళ్ళ తరబడి సాగుతున్న ఇరుకు. రోజూ ఒక వెంట్రుక మందాన గుమ్మం దగ్గరవుతుంది. రోజూ తెల్లారగట్ల పెద్దమేస్త్రి లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, నమాజు చదువుకుని, చిత్రిక తీసుకుని ద్వారబంధానికి ఆ వెంట్రుక మందమూ చెక్కేస్తాడు. పేళ్ళు ఊడ్చి పొయ్యిలో వేస్తాడు. టీ ఆ మంట మీదే కాగుతుంది. ఇంట్లో ఎవరు మింగారు, ఏం మింగారు అని ఒక్క రోజు కూడా అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం.

పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ మాత్రం చిత్రికకి అందనంత వేగంగా బిగుస్తోంది.

“విప్పేద్దాం మేస్త్రి గారూ,” అన్నాడు అద్దాలతను. “ముక్కలుగా లోపలికి చేర్చి మళ్ళీ బిగించుకుందాం.”

పెద్దమేస్త్రి అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “ఇది విప్పే మంచం కాదు. ఒక్క మేకు లేదు, ఒక్క మర లేదు. చెక్కలో చెక్క దూర్చి బంక పోశాను. ఇది విడిపోవాలంటే ముక్కలవ్వాల్సిందే. పెళ్ళిమంచం విడిపోయేలా చేస్తారటయ్యా ఎవరైనా?”

చూశారా! ఊళ్ళో ఏ వడ్రంగైనా మంచాన్ని విప్పేలాగే చేస్తాడు. గుమ్మాలుంటాయి, మలుపులుంటాయి, ఇళ్ళు మారతాం అని తెలుసు కదా. ఈయనకి తెలీదా? తెలుసు. కొడుకు కాపురం గట్టిగా ఉండాలన్న ఆత్రంలో ముప్పై ఏళ్ళ పనితనం ఒక పక్కకి పోయి, తండ్రి బుర్ర ఒక్కటే పని చేసింది.

“నేను బయటికి ఎలా రావాలి?” అని లోపల్నించి అమ్మ అరిచింది. ఆ ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం. మిగతా మూడు వైపులా పక్కిళ్ళ గోడలే.

“పలకలు ఇంకా వెయ్యలేదుగా, చట్రంలోంచి దూరి రా,” అన్నాడు పెద్దమేస్త్రి.

“ఈ వయసులో నేను మంచంలోంచి దూరాలా! మీ నాన్న చేసిన మంచంలో పడుకోవడం కాదురా, ప్రయాణం చెయ్యాలి!” అంది అమ్మ కొడుకుతో. అతను ఈసారి నిజంగా నవ్వాడు. నవ్వి, మంచం చట్రంలోంచి వంగి, అవతల ఉన్న అద్దాలతని ముఖం చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

*

మేస్త్రీల దుకాణం, అద్దాల దుకాణం పక్కపక్కనే. వీళ్ళు కిటికీ చేస్తే అతను అద్దం బిగిస్తాడు. మధ్యలో గోడ కూడా కాదు, రేకు. రేకుకి ఇటు రంపం మోగితే అటు తెలుస్తుంది, అటు నిట్టూరిస్తే ఇటు తెలుస్తుంది. చాలా ఏళ్ళు చిన్నమేస్త్రికీ అద్దాలతనికీ ఆ రేకు అడ్డమే కాలేదు. ఎవరికీ తెలీలేదు అనుకున్నారు. పోయినేడు అద్దాలతనికి పెళ్ళయింది. ఆ రోజు చిన్నమేస్త్రి వెళ్ళి, విస్తరి ముందు కూర్చుని, బాగుందని చెప్పి, దుకాణానికి తిరిగొచ్చి సాయంత్రం దాకా ఒకే చెక్కని చిత్రిక పట్టాడు. చెక్క అట్టముక్కంత అయ్యింది.

“పెళ్ళి చేసేసుకో,” అన్నాడు అద్దాలతను, మంచాన్ని గుమ్మంలోనే వదిలి అందరూ దుకాణాలకి వచ్చాక, బల్ల మీద అద్దం పరిచి. “అందరం చేసుకున్నదే కదా. అలవాటైపోతుంది.”

“నీకు అలవాటైందా?”

అద్దాలతను గీత గీసే వజ్రపు కలం అద్దం మీద ఆనించాడు. గీత గీయలేదు.

“మీ ఆవిడకి అలవాటైందా?” అన్నాడు చిన్నమేస్త్రి.

“ఆమె ఏమీ అడగదు. మొదట్లో అడిగేది, నాలో ఏం లోపం ఉంది అని. నీలో లేదు అన్నాను. అప్పట్నించీ అడగడం మానేసింది. కొత్త చీర కడితే అద్దం ముందు నిలబడేది కదా, ఇప్పుడు అదీ లేదు. ఇల్లంతా అద్దాలే, మా ఇంట్లో. అన్నిటి ముందునుంచీ తల వంచుకునే పోతుంది.” కలం జారింది. గీత వంకరగా పోయి అద్దం మూల చటుక్కున విరిగింది. అతను పని నేర్చుకున్న కొత్తలో కూడా అలా విరగ్గొట్టలేదు. “చూశావా? నీతో మాట్లాడితే ఇదే. నీ పని నువ్వు చూసుకో.”

చిన్నమేస్త్రి విరిగిన ముక్కలు ఏరి తొట్టిలో వేశాడు. వేలు తెగింది. చెప్పలేదు.

మసీదు నుంచి అజాన్ వినబడింది. ఇద్దరూ లేచారు. వేర్వేరుగా నడిచారు.

*

చిన్నమేస్త్రి నమాజు తప్పినవాడు కాదు. చిన్నప్పట్నించీ అంతే. ఏడేళ్ళ వయసులో తండ్రి పక్కన నిలబడి మొదలుపెట్టాడు, గడ్డం వచ్చాక దేవుణ్ణి వేడుకునే దువాలో ఒక కొత్త మాట చేర్చాడు: నన్ను మార్చు. నేలకి నుదురు ఆనించిన ప్రతిసారీ అదే అడిగాడు. ఏళ్ళు గడిచాయి. తను మారలేదు. నమాజూ మానలేదు. ఈ రెండిట్లో ఏది ఓటమో ఏది గెలుపో అతనికే తెలీదు. గుమ్మం ఇరుకవుతున్నప్పుడల్లా, అదిగో, అల్లా నన్ను ఇంట్లోంచి కొంచెం కొంచెంగా గెంటేస్తున్నాడు అనుకునేవాడు.

“భుజాలు కలపండి. సందు వదలకండి,” అన్నారు ఇమాం గారు. నమాజు మొదలయ్యే ముందు ప్రతిసారీ అనే మాటే. వరుసలో మనిషికీ మనిషికీ మధ్య చోటు వదలకూడదు. చిన్నమేస్త్రి కుడి భుజానికి పెద్దమేస్త్రి భుజం తగిలింది. ఎడమ భుజం పక్కన అద్దాలతను వచ్చి నిలబడ్డాడు. వేరే చోటు లేదు మరి.

అందరూ వెళ్ళాక అతను ఇమాం గారి దగ్గర కూర్చున్నాడు.

“ఇమాం గారూ, ఒకతను ఉన్నాడు. అతనికి...”

“ఆ ఒకతని చేతికి రంపపు పొట్టు అంటుకుని ఉంటుందా?” అన్నారాయన.

చిన్నమేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. ఇక దాచేదేముంది, చెప్పేశాడు. రేకు గోడ సంగతి తప్ప అంతా చెప్పాడు. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నారు.

“నేను చదివిన చదువులో దీనికి ఉన్న జవాబు నీకు ముందే తెలుసు నాయనా. దాన్ని తుడిచేసి నీకు నచ్చింది చెప్పలేను. చెప్తే నువ్వే నమ్మవు.”

“మరి నేను వరుసలో నిలబడొచ్చా?”

“సందు వదలొద్దని రోజూ అరిచేది నేనే కదా. నిన్ను తీసేస్తే సందు పడుతుంది.” ఆయన మోకాళ్ళు రుద్దుకున్నారు. “నా చేతనైంది ఇంతే. తక్కువే అని తెలుసు. ఇంకొక్క మాట. దేవుడి దగ్గర చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తాడు. మనిషికి చేసింది ఆ మనిషే మాఫ్ చెయ్యాలి. ఎల్లుండి నీ పక్కన కూర్చోబోయే పిల్లకి నువ్వు చెయ్యబోయేది నా దగ్గరికి తేకు, నేను మాఫ్ చెయ్యలేను.”

చెప్పులు వేసుకుంటూ చిన్నమేస్త్రి మసీదు గుమ్మం చూశాడు. ఆ గుమ్మం చేసింది నాన్నే. ఇంటి గుమ్మమూ అదీ ఒకే మొద్దులోంచి వచ్చాయి. ఒకే రంపం, ఒకే ఉలి, ఒకే చెయ్యి. పై చెక్క మీద నాన్న పెన్సిలుతో వేసిన కొలత ఇంకా చెరగలేదు. జేబులోంచి టేపు తీశాడు. అటు నుంచి ఇటు లాగాడు. పైన చూశాడు, మధ్యలో చూశాడు, గడప దగ్గర చూశాడు.

ఒక్క వెంట్రుక కూడా తేడా లేదు.

ఇన్నేళ్ళూ ఆ మాట మింగి, దాన్ని కడుపులో పెట్టుకుని, రోజుకి ఐదుసార్లు ఈ గుమ్మంలోంచే దూరాడు. ఇది ఇరుకవలేదు. టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇరుకైంది ఇల్లు ఒక్కటే అన్నమాట. తలుపు మూస్తున్నది పైవాడేనని ఇన్నాళ్ళూ ఆయన మీద నింద వేశాను కదా అనుకున్నాడు. సంతోషం రావాల్సింది. వచ్చింది కోపం. ఎవరి మీదో తెలీని కోపం. నడుస్తుంటే కూడా తగ్గలేదు.

*

ఎండ వాలుతుండగా గుమ్మం బయట ఒక ఆడగొంతు వినిపించింది.

“ఎవరండీ లోపల? కిటికీ కొలత తీసుకోవాలి, పరదాలకి!”

పెళ్ళికూతురు. కుట్టుపని ఆమెది. మెడలో టేపు, తల మీద ముసుగు, చేతిలో చిన్న కత్తెర. అమ్మ కంగారుగా మంచం చట్రం దాకా వచ్చింది. “అయ్యో, రామ్మా, లోపలికి... ఎలా వస్తావులే! ఆ గడప మీదే కూర్చో. టీ పెడతాను.” వంటింట్లోకి వెళ్తూ కూతుర్ని కూడా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. కాబోయే భార్యాభర్తలు, మధ్యలో ఇంత లావు మంచం ఉంది, ఇంకేం భయం అనుకుంది కాబోలు.

ఆమె వీధి మెట్టు మీద కూర్చుంది. మసీదు నుంచి వచ్చి చట్రంలోంచి లోపలికి దూరిన చిన్నమేస్త్రి గచ్చు మీద కూర్చున్నాడు. మధ్యలో చట్రం, నాలుగు కోళ్ళు.

“ఈ గుమ్మం సంగతి మాకు ముందే చెప్పారు,” అందామె. “మా అమ్మ మురిసిపోయింది. అబద్ధం దాగని ఇల్లు, ఇంకేం కావాలే నీకు అంది.” మంచాన్ని కింది నుంచి పైదాకా చూసింది. “ఏం మింగారు?”

అతను ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కున్నాడు. చెక్కకైతే పీచు ఎటు వాలిందో చూసి ఉలి పెట్టాలి. దీనికి వాలు ఏ వైపో!

“నాకు ఆడవాళ్ళ మీదికి మనసు పోదండీ. ఎప్పుడూ పోలేదు. మగవాళ్ళ మీదికే.”

ద్వారబంధం కిర్రుమంది. మంచం కోడు ఒకటి కొంచెం కిందికి జారింది. ఆమె దాని వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూసింది. మెడలో టేపు వేలికి చుట్టి, విప్పింది.

“నేను నచ్చలేదేమో అనుకున్నాను,” అంది చివరికి. “చూసుకోవడానికి వచ్చిన రోజు మీరు నన్ను చూడలేదు. మా ఇంటి తలుపు చూశారు.”

“మీ తలుపు పై బందు వదులైంది.”

“తెలుసు. మర్నాడే బిగించుకున్నాం.” నవ్వబోయి మానేసింది. “ఇంకో రెండ్రోజులు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించారా? ఈగ కూడా దూరని ఇంట్లో, విడిపోని మంచం మీద, నాలో ఏం లోపమా అని లెక్క చూసుకుంటూ ముసలిదాన్నయ్యేదాన్ని. మీరు మాత్రం ఐదుపూటలా నమాజుకి పోయేవారు. మంచి మొగుడు అనేవాళ్ళు మిమ్మల్ని.”

“మాఫ్ చెయ్యండి.”

“ఇప్పుడే చెయ్యను. అంత తేలిగ్గా అడక్కండి.” లేచి నిలబడింది. “నేను వద్దంటే పిల్లలో ఏదో లోపం ఉందంటారు. మీరు ఊరికే వద్దంటే కూడా అదే అంటారు. అందుకని మీ నోటితో, కారణం చెప్పి, మీ నాన్నకి చెప్పండి. ఇవాళే. అప్పుడు మాఫ్ సంగతి ఆలోచిస్తాను.” కత్తెర సంచిలో వేసుకుంది. “నయం, బట్ట ఇంకా కత్తిరించలేదు.”

ఆమె వీధి మలుపు తిరిగేసరికి మంచం దానంతటదే ఇంట్లోకి జారి దబ్బున పడింది. అమ్మ రెండు టీ గ్లాసులతో వచ్చి ఖాళీ మెట్టు చూసింది.

“పిల్ల ఏదిరా?”

“వెళ్ళింది.”

“కొలత తీసుకుందా?”

“తీసుకుంది,” అన్నాడు అతను.

*

పెద్దమేస్త్రి దుకాణం కట్టి ఇంటికొచ్చేసరికి మంచం లోపలుంది. ఆయన ఆనందం చూడాలి!

“చూశారా? చూశారా! పొద్దున నేను పట్టిన చిత్రికే ఇది. చెక్క కదా, దానికి కొంచెం టైము ఇవ్వాలి.” అని, పలకలు తెచ్చి పరిచి, నాలుగు మూలలా మోచేత్తో పొడిచి చూసుకుని, మంచం మీద అరచేత్తో కొట్టాడు. “ఏనుగెక్కినా కదలదు!” ఏనుగు సంగతేమో గానీ ముందు గది మొత్తం మంచమే అయింది. అటు గోడకీ ఇటు గోడకీ మధ్య మనిషి పక్కగా నడిచేంత చోటు మిగిలింది. భోజనాలకి గుడ్డ పరిచే నేల లేదు.

“ఇప్పుడు ఎక్కడ కూర్చుని తింటాం?” అంది చెల్లెలు.

“ముందు అందరూ చేతులు కడుక్కు రండి, చూద్దాం,” అంది అమ్మ. ఆ ఇంట్లో అందరూ కూర్చుంటే గానీ ఎవరూ ముద్ద ముట్టరు. తాతగారి నాటి నుంచీ అంతే.

“నాన్నా,” అన్నాడు చిన్నమేస్త్రి. “ఈ పెళ్ళి నేను చేసుకోను. ఆ పిల్లలో ఏ లోపమూ లేదు. నాకు మగవాళ్ళ మీదే మనసు. ఎప్పట్నించో అంతే. ఆమెకి చెప్పేశాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను.”

గుమ్మం తెరుచుకుంది. కిర్రుమనలేదు, గుర్రుమనలేదు. పరదా తొలిగినట్టు అలా వెడల్పైపోయింది. కట్టిన రోజు కూడా అంత వెడల్పు లేదు. బయట వీధి, ఎదురింటి అరుగు, ఇస్త్రీపెట్టెలో ఎర్రటి బొగ్గులు, అన్నీ కనిపించాయి. చల్లగాలి లోపలికి వచ్చింది. ఎన్నాళ్ళకో!

ఎవరూ గాలిని పట్టించుకోలేదు. అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. చెల్లెలు అన్నయ్య ముఖం చూసి, తల దించుకుంది. ఆమెకి కొత్త సంగతి కాదని ఆ దించుకోవడంలోనే తెలిసింది.

“నమాజు చేసే నోటితో ఇలాంటి మాట ఎలా వచ్చిందిరా?” అన్నాడు పెద్దమేస్త్రి.

“ఆ నోరు కాబట్టే అబద్ధం మొయ్యలేకపోయింది నాన్నా. ఇవాళ మసీదు గుమ్మం కొలిచాను. మీరు వేసిన కొలతే ఉంది. ఒక్క వెంట్రుక తగ్గలేదు.”

“ఆ గుమ్మం నేనే చేశాను! నాకు చెప్తున్నావా దాని సంగతి?”

“మీరే చేశారు. ఇదీ మీరే చేశారు. ఒకే మొద్దు.”

పెద్దమేస్త్రి మంచం పట్టె పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన గొంతు ఆయనది కానట్టు ఉంది.

“నాకు తెలీదనుకున్నావా? ఆ రేకు అవతల ఏముందో నాకు తెలీదనుకున్నావా? ఇన్నేళ్ళు తెల్లారగట్ల లేచి ఈ గుమ్మం చెక్కింది ఎవర్రా? ఎందుకు చెప్పావు? నా చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ చెక్కుకుంటూ పోయేవాణ్ణి కదా! ఎందుకు చెప్పావురా?”

“చెక్క అయిపోతోంది నాన్నా,” అన్నాడు కొడుకు.

ఆయన ద్వారబంధం వైపు చూశాడు. అరచెయ్యి మందం ఉండాల్సిన చెక్క, వేలి మందం మిగిలింది. కొడుకు చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

“తెరుచుకుందిగా. ఇంకేం? నీ పెట్టె తీసుకుని వెళ్ళు. నాకు కొడుకు లేడు అనుకుంటాను.”

“ఏమండీ!” అంది అమ్మ.

“నువ్వు మాట్లాడకు. నువ్వూ ఆ పేళ్ళ మంట మీద టీ కాచిన దానివే.”

అమ్మ గిన్నె పట్టుకుని పొయ్యి వైపు తిరిగింది.

చిన్నమేస్త్రి రెండు జతల బట్టలు, నమాజు చదువుకునే జానమాజు, తన పనిముట్లు పెద్ద చెక్కపెట్టెలో సర్దాడు. పని నేర్చుకున్నాక సొంతంగా చేసుకున్న మొదటి పెట్టె అది. తండ్రి దానికి వంక పెట్టలేకపోయాడని అప్పట్లో వీధంతా చెప్పుకుంది. దాన్ని భుజానికెత్తుకుని, మంచానికీ గోడకీ మధ్య పక్కగా నడిచి గుమ్మం దాకా వచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ పిన్ని పెళ్ళిబట్టలు చేతుల మీద పరుచుకుని లోపలికి అడుగుపెట్టింది.

“అబ్బో, ఇవాళ గుమ్మం ఏమిటి ఇంత వెడల్పుంది! బండి పట్టేలా ఉందే!” అంది. పెట్టె చూసింది. “ఇదెక్కడికి నాయనా? ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని పెట్టె సర్దావేంటి?”

కొడుకు తండ్రి వైపు చూడలేదు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. పెద్దమేస్త్రే ముందు అందుకున్నాడు.

“పక్క ఊళ్ళో పని దొరికింది. అందుకే వెళ్తున్నాడు.”

కిర్రుమంది గుమ్మం.

మీరు నమ్ముతారో లేదో, ఆ గడప లోపల నిలబడి ఆ మనిషి అబద్ధం ఆడటం అదే మొదటిసారి. మింగడం వేరు. ఆడటం వేరు. పెట్టె మూల ద్వారబంధానికి తగిలి ఆగింది. చిన్నమేస్త్రి దాన్ని పక్కకి తిప్పాడు. పక్కకి తిప్పితే పడుతుంది.

పెద్దమేస్త్రి గుమ్మం వైపు చూశాడు. ఆ చెక్క ఎంతకి ఎంత బిగుస్తుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

“మంచి పని,” అన్నాడు. “పెద్ద కంట్రాక్టు.”

కిర్రు.

“వాడికి వెళ్ళాలని మహా సరదాగా ఉంది.”

కిర్రు, కిర్రు. పెట్టె ఇప్పుడు ఎటు తిప్పినా పట్టదు. చిన్నమేస్త్రి దాన్ని నేల మీద పెట్టాడు. ఇస్త్రీ పిన్ని గుమ్మాన్ని చూసింది, మేస్త్రిని చూసింది, చేతుల్లో పెళ్ళిబట్టల్ని చూసింది. నోరు తెరిచింది. జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా మూసింది.

పెద్దమేస్త్రి గోడ వైపు తిరిగాడు. కొడుకు ముఖం చూస్తే ఆ మాట రాదనుకున్నాడేమో.

“వాడు వెళ్తే నాకేం బెంగ లేదు,” అన్నాడు.

పైనుంచి కిందిదాకా ద్వారబంధం మూలిగింది. రెండు పక్కల చెక్కలూ ఒకదాని వైపు ఒకటి వచ్చి, అరచెయ్యి పట్టేంత సందు వదిలి ఆగిపోయాయి. అందులోంచి ఎదురింటి బొగ్గుల ఎరుపు సన్నటి గీతలా కనిపించింది. ఇక పెట్టే పోదు, మనిషీ పోడు, ఇస్త్రీ పిన్నీ పోదు.

ఉండరా అన్న మూడక్షరాల మాట ఆయనకి అప్పుడూ నోటికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదని చెల్లెలు అంటుంది.

“బొగ్గులు ఆరిపోతాయి నావి,” అని గొణిగింది పిన్ని.

“ఆరిపోనీలే వదినా. కూర్చో, తిందువుగాని,” అంది అమ్మ. నేల మీద చోటు లేదు కాబట్టి గుడ్డ మంచం మీదే పరిచింది. అన్నం గిన్నె, కూర గిన్నె మధ్యలో పెట్టింది. చెల్లెలు ఒక మూల ఎక్కింది. పెళ్ళిబట్టలు కొక్కేనికి తగిలించి పిన్ని ఇంకో మూల ఎక్కింది. చిన్నమేస్త్రి పెట్టె పక్కనే కాసేపు నిలబడ్డాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది, తెగిన వేలు చూసింది, ఏం అడగకుండా తన పక్కన కూర్చోబెట్టుకుంది.

అందరూ గోడ వైపు తిరిగి ఉన్న మనిషి కోసం చూశారు. ఆయన కూర్చుంటే గానీ ఎవరూ ముద్ద ముట్టరు. అన్నం ఆవిరి పోయింది. కూర చల్లారింది. చివరికి పెద్దమేస్త్రి వచ్చి, కొడుక్కి వీపు పెట్టి, మంచం చివర కూర్చున్నాడు. ఐదుగురి బరువు పడ్డా ఆ మంచం కిర్రుమనలేదు. అంత గట్టిగా చేశాడు మరి.

అమ్మ వడ్డించింది. మొదటి ముద్ద అందరూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిందని అందరికీ తెలిసింది. ఎవరూ అనలేదు.

“ఉప్పు సరిపోయిందా?” అంది అమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

“సరిపోయింది,” అన్నాడు పెద్దమేస్త్రి.

గుమ్మం ఇంకాస్త దగ్గరికొచ్చింది.